క్యాసెట్లను ఫైళ్లుగా మార్చే సరంజామా: గోదావరి డెల్టా గ్రంథాలయాలకు ఏది పనికొస్తుంది, ఏది రాదు

గ్రంథాలయం బీరువాలో ఉన్న పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించడానికి ఇవాళ మూడు దారులున్నాయి. ఆన్‌లైన్‌లో దొరికే యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్ కొనడం ఒకటి. ఊళ్లోని వీడియో మిక్సింగ్ షాపుకో స్టూడియోకో ఇచ్చి చేయించుకోవడం రెండోది. క్యాసెట్ ఆడించే పాత యంత్రం (డెక్) ఒకటి సంపాదించి, బాగు చేయించి, దానికి, ధ్వనిని కంప్యూటర్లోకి పంపే పెట్టె అయిన ఆడియో ఇంటర్‌ఫేస్ తగిలించి, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లో సొంతంగా రికార్డు చేసుకోవడం మూడోది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మా ఓటు మూడోదానికే. చేతిలో ఉన్న డబ్బులో పెద్ద వాటా డెక్‌కీ దాని సర్వీసింగుకీ పోవాలి. కంప్యూటర్ పాతదైనా పని నడుస్తుంది. టేపు ఆడించే యంత్రం బాగోకపోతే మాత్రం తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని సరిదిద్దలేదు. టేపు ఏటికేడు పాడవుతూనే ఉంటుంది కాబట్టి రేపు మళ్లీ ఎక్కిద్దామన్నా ఇవాళ ఉన్నంత ధ్వని అందులో మిగలకపోవచ్చు.

ముందు ఏ క్యాసెట్లు ఎక్కించాలో తేల్చుకోవాలి. బీరువా తెరవగానే కనిపించే సినిమా పాటలు, కంపెనీ భక్తి గీతాల జోలికి పోనక్కర్లేదు. వాటి మాస్టర్లు కంపెనీల దగ్గర ఉంటాయి. వెనక వరసలో, అట్ట మీద బాల్‌పెన్నుతో రాసి ఉన్నవే అసలు సొత్తు. 1991, 2003 పుష్కరాల్లో పట్టిన ఉపన్యాసాలు, గుడి ముందు పందిట్లో చెప్పిన హరికథలు, కోనసీమ ఘనపాఠీల వేదపారాయణం, పద్యనాటకాలు, అవధాన సభలు, గ్రంథాలయ వారోత్సవాల్లో పెద్దల ప్రసంగాలు. వీటిలో చాలావాటికి రెండో కాపీ ఎక్కడా ఉండదు. కపిలేశ్వరపురం లాంటి హరికథా పాఠశాల ఉన్న సీమలో ఇలాంటి టేపులు ఏ శాఖా గ్రంథాలయంలోనైనా బయటపడొచ్చు. ఈ సమీక్ష అలాంటి క్యాసెట్లను మనసులో పెట్టుకుని రాసింది.

యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్ సంగతి త్వరగా తేల్చేయొచ్చు. జేబులో పట్టే ప్లాస్టిక్ డబ్బా, ఒక తీగ, ధర తక్కువ. ఏ పేరుతో అమ్మినా లోపలి మెకానిజం దాదాపు ఒకే రకం చవక నమూనా. వేగాన్ని నిలకడగా ఉంచే చక్రం (ఫ్లైవీలు) చిన్నది, తేలికైనది. అందుకని వేగం నిలకడగా ఉండదు, హార్మోనియం శ్రుతి అలలా ఊగుతూ వినిపిస్తుంది. టేపును చదివే హెడ్ కోణం సరిచేసే స్క్రూ దాకా చెయ్యి పోనివ్వరు. రికార్డు స్థాయి మన చేతిలో ఉండదు. చివరకొచ్చేసరికి ఆటోస్టాప్ సరిగా పనిచేయక టేపు లాగేసే రకాలూ ఉన్నాయి. అట్ట మీద పేరు లేని క్యాసెట్లో ఏముందో ఒక నిమిషం విని గుర్తుపట్టడానికి పనికొస్తుంది. అదీ బూజు లేని, గట్టిగా ఉన్న క్యాసెట్లకే. భద్రపరిచే రికార్డింగుకు వాడొద్దు.

షాపుకు ఇవ్వడం వినడానికి సుఖంగా ఉంటుంది. పది క్యాసెట్లు ఉన్న చిన్న గ్రంథాలయానికి అదే సులువు కూడా. కానీ షాపు పద్ధతి పెళ్లి వీడియోలకు అలవాటుపడ్డ పద్ధతి. సాధారణంగా చేతికొచ్చేది 128 కేబీపీఎస్ ఎంపీ3, రెండు పక్కలూ కలిపి ఒకే ఫైలు, పైగా ‘క్లియర్ చేశాం’ అంటూ హిస్ (టేపు వెనక వినిపించే సుయ్‌మనే చప్పుడు) తీసేసిన ధ్వని. హిస్‌తో పాటు తంబురా నాదం, గొంతులోని ఊపిరి, జనం స్పందన కూడా కొంత పోతాయి, మళ్లీ రావు. షాపుకే ఇవ్వాల్సి వస్తే కొన్ని మాటలు కాగితం మీద రాయించుకోండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ నాణ్యతలో, కుదించని వేవ్ ఫైళ్లు ఇవ్వాలి. నాయిస్ రిడక్షన్, ఈక్వలైజర్ ఏదీ వేయకూడదు. ఒక్కో పక్కకు ఒక్కో ఫైలు. హైస్పీడ్ డబ్బింగ్ కుదరదు, మామూలు వేగంలోనే ఆడించాలి. క్యాసెట్లన్నీ లెక్కపెట్టి తిరిగివ్వాలి. వీటికి తల ఊపని షాపుకు క్యాసెట్లు ఇవ్వకండి.

ఇక మూడో దారి. డెక్ కొనేటప్పుడు చూడాల్సింది బ్రాండు పేరు కన్నా కట్టుబడి. ఒక్క క్యాసెట్ పట్టే సింగిల్ డెక్ మేలు. డబుల్ డెక్‌లో ఖర్చు రెండు మెకానిజాలకు పంచుకుపోతుంది. ఆటోరివర్స్ ఉన్నది వద్దు. దాంట్లో హెడ్ తిరుగుతుంది, తిరిగిన ప్రతిసారీ కోణం కాస్త మారొచ్చు. వెనకవైపు ‘లైన్ అవుట్’ అని ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ సాకెట్లు ఉండి తీరాలి. ఇళ్లల్లో మిగిలిపోయిన టూ-ఇన్-వన్‌లలో చాలావాటికి హెడ్‌ఫోన్ రంధ్రమే ఉంటుంది. అందులోంచి తీస్తే లోపలి ఆంప్లిఫయర్ హిస్ కూడా ఫైల్లోకి వచ్చేస్తుంది, వాల్యూమ్ కదిలితే స్థాయి మారిపోతుంది. మంచి డెక్‌లో వేగం ఊగిసలాట 0.1 శాతం లోపే ఉంటుంది. ఆ తేడా వేదపారాయణం లాంటి సాగదీసిన స్వరాల దగ్గర చెవికి స్పష్టంగా తెలుస్తుంది.

పాత డెక్ ఏదైనా సరే, సర్వీసింగు లేకుండా దాంట్లో క్యాసెట్ పెట్టొద్దు. ఏళ్ల తరబడి వాడకుండా ఉన్న డెక్‌లో రబ్బరు బెల్టు సాగిపోతుంది, లేదంటే కరిగి తారులా పుల్లీకి అంటుకుంటుంది. ఆ తారును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో పూర్తిగా తుడిచాకే కొత్త బెల్టు వేయాలి. బెల్టు కొనేటప్పుడు పాతదాని కొలత నమ్మకూడదు, అది సాగి ఉంటుంది. దాని చుట్టుకొలతలో 5 నుంచి 10 శాతం తగ్గించి తీసుకోవాలి. తర్వాత పించ్ రోలర్. టేపును, దాన్ని లాగే కాప్‌స్టన్ కడ్డీకి నొక్కి పట్టే నల్ల రబ్బరు చక్రం ఇదే. గట్టిపడి అద్దంలా మెరుస్తుంటే టేపు పక్కకు జారి చుట్టుకుపోతుంది. ‘డెక్ టేపు నమిలేసింది’ అంటే చాలాసార్లు కారణం ఈ చక్రమే. లేదా టేపును అవతల చుట్టుకునే రీలు తిరగడం ఆగిపోయి ఉంటుంది.

హెడ్, కాప్‌స్టన్‌లను 99 శాతం ఐసోప్రొపైల్‌లో ముంచిన దూది పుల్లతో తుడవాలి. మందుల షాపు స్పిరిట్‌లో నీరు కలిసి ఉంటుంది, అది వద్దు. రబ్బరు చక్రానికి మాత్రం ఆల్కహాలు పదేపదే పట్టిస్తే రబ్బరు ఎండిపోతుంది. నీళ్లతో తడిపి పిండిన గుడ్డ చాలు. తుడిచిన దూదికి గోధుమరంగు మరక అంటడం ఆగేదాకా తుడవాలి. పని జరుగుతున్న రోజుల్లో నాలుగైదు క్యాసెట్లకొకసారి, టేపు పొడి రాలుతుంటే ప్రతి క్యాసెట్‌కూ ఇది తప్పదు.

అజిమత్, అంటే హెడ్ కోణం, సర్దుబాటుకు కాస్త ఓపిక పట్టాలి. చాలామంది వదిలేసేది ఇదే. ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే. హెడ్‌లోని సన్నటి చీలిక టేపు నడకకు నిట్టనిలువుగా ఉండాలి. రికార్డు చేసిన యంత్రంలో అది ఒక కోణంలో, మన డెక్‌లో ఇంకో కోణంలో ఉంటే పై ధ్వనులన్నీ మందగిస్తాయి. దాన్నే ‘టేపు పాతబడి గొంతు మూగబోయింది’ అనుకుంటారు. హెడ్‌కు ఒక పక్కనున్న, స్ప్రింగు మీద కూర్చున్న చిన్న స్క్రూ దీన్ని తిప్పుతుంది. క్యాసెట్ ఆడుతుండగా ఆడాసిటీలో గానీ హెడ్‌ఫోన్‌లో గానీ రెండు ఛానెళ్లనూ కలిపి మోనోగా వింటూ, ఆ స్క్రూను ఒకేసారి ఎనిమిదో వంతు తిప్పుకు మించకుండా అటూ ఇటూ కదపాలి. హరికథ టేపులకు దాసుగారి చిడతలే కొలబద్ద. కోణం తప్పితే చిడతల మోత చెక్క మీద కొట్టినట్టు మొద్దుగా వినిపిస్తుంది. సరిపోయిన చోట ఒక్కసారిగా గలగలమని విచ్చుకుంటుంది. ఉపన్యాసమైతే స, శ, ష అక్షరాలు విడివిడిగా తేలే చోట ఆపాలి. అయస్కాంతం పట్టని స్క్రూడ్రైవరే వాడాలి. ఇంటి టేప్ రికార్డర్లో పట్టిన ప్రతి క్యాసెట్‌కూ, అవసరమైతే ప్రతి పక్కకూ ఇది మళ్లీ చేయాల్సిందే. మొదట స్క్రూ ఎక్కడుందో రంగు చుక్కతో గుర్తు పెట్టుకుంటే తిరిగి అక్కడికి రావచ్చు.

వేగం సరిచూడ్డానికి 3000 హెర్ట్జ్ టెస్ట్ టేపు ఒకటి కొనుక్కోవాలి. ఆడాసిటీలో ధ్వని ఫ్రీక్వెన్సీ చూపే ప్లాట్ స్పెక్ట్రమ్‌లో 3030 చూపిస్తే డెక్ 1 శాతం వేగంగా పోతోందన్నమాట. మోటారు వెనక రంధ్రంలో ఉండే చిన్న ప్రీసెట్‌తో సరిచేయొచ్చు. టేపులో వినిపించే కరెంటు హమ్మును 50 హెర్ట్జ్‌గా తీసుకుని వేగం లెక్కగట్టే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. మన దగ్గర దాన్ని నమ్మొద్దు. 1980, 90 దశకాల్లో గ్రిడ్ ఫ్రీక్వెన్సీ చాలాసార్లు 50కి బాగా దిగువన ఉండేది. డెక్‌ను టెస్ట్ టేపుతో సరిచేసి ఉన్నదున్నట్టు ఎక్కించండి. రికార్డు చేసిన యంత్రమే తప్పు వేగంలో నడిచిందనిపిస్తే సవరణ వినికిడి కాపీలో చేసుకోవచ్చు.

ఇంటర్‌ఫేస్ దగ్గర రెండు పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. బెహ్రింగర్ యూసీఏ222 చవక, ఆర్‌సీఏ తీగ నేరుగా పట్టేస్తుంది, డ్రైవర్ల గొడవ లేదు. కానీ అది 16 బిట్ దగ్గరే ఆగిపోతుంది. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ, అనలాగ్ మూలాలకు కనీసం 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ ఉండాలని చెబుతోంది. అదే కంపెనీ యూఎంసీ202హెచ్‌డీ 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ దాకా పోతుంది. ఇంట్లో పాటలు దాచుకునేవాళ్లకు మొదటిది చాలు, గ్రంథాలయానికి రెండోదే తీసుకోమంటాం. క్యాసెట్‌లో ఉన్న ధ్వనికి 16 బిట్లే ఎక్కువ కదా అనొచ్చు. 24 బిట్ వల్ల వచ్చే లాభం, స్థాయి తక్కువగా పెట్టుకుని రికార్డు చేసే వెసులుబాటు. ఉపన్యాసం మధ్యలో చప్పట్లు మోగినా క్లిప్ కాదు, అంటే ధ్వని పగలదు.

యూఎంసీ202హెచ్‌డీతో రెండు చిక్కులున్నాయి. ఆర్‌సీఏ సాకెట్లు లేవు, కాబట్టి ఆర్‌సీఏ నుంచి 6.35 మిల్లీమీటర్ల జాక్‌కు మారే తీగల జత వేరే కొనాలి. కుడి, ఎడమలకు ధ్వని స్థాయి పెంచే గెయిన్ నాబ్‌లు విడివిడిగా ఉన్నాయి, వాటి మీద అంకెల మెట్లు లేవు. టెస్ట్ టేపు టోన్ ఆడించి రెండు మీటర్లూ సమానంగా వచ్చాక నాబ్‌ల మీద టేపు ముక్క అంటించేస్తే రోజూ వెతుక్కోనక్కర్లేదు. ముందరి స్విచ్ ‘లైన్’ వైపు ఉండాలి. వెనకున్న 48 వోల్టుల స్విచ్‌తో ఈ పనికి అవసరం లేదు, ఆపి ఉంచండి.

అన్నీ తగిలించాక బుయ్‌మని హమ్ము వస్తే డెక్‌ను తిట్టుకోకముందు లాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. గొడవ చాలావరకు అక్కడే ఉంటుంది. డెక్, కంప్యూటర్ ఒకే స్విచ్‌బోర్డు నుంచి కరెంటు తీసుకుంటే పరికరాల ఎర్తు తేడాతో పుట్టే హమ్ము (గ్రౌండ్ లూప్) తగ్గుతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు రికార్డు చేయొద్దు. దాని గరగర ప్రతి ఫైల్లోకీ దిగుతుంది. ఈదురుగాలుల కాలంలో కరెంటు పోతే డెక్ ఆగిపోయి, పించ్ రోలర్ టేపును నొక్కిపెట్టే ఉంటుంది, అక్కడ మడత పడుతుంది. సైన్ వేవ్ యూపీఎస్ ఒకటి పెట్టుకోవడం డెల్టాలో విలాసమేమీ కాదు.

ఆడాసిటీ ఉచితం, ఈ పనికి అన్ని విధాలా సరిపోతుంది. విండోస్‌లో ఒకే ఒక్క చోట దెబ్బతింటారు. ఆడాసిటీ ధ్వనిని తీసుకునే దారి (ఆడియో హోస్ట్) ‘ఎంఎంఈ’గా వదిలేస్తే లోపలికొచ్చేది 16 బిట్టే. ‘విండోస్ వాసాపీ’ ఎంచుకోవాలి. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో ఆ పరికరానికి 24 బిట్, 48000 పెట్టి, ఎన్‌హాన్స్‌మెంట్లన్నీ తీసేయాలి. అత్యధిక ధ్వని మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ పెట్టుకోండి. ఇంట్లో పట్టిన టేపు మోనో అయినా రెండు ఛానెళ్లూ రికార్డు చేయాలి. ఒక అంచు నలిగిపోయి ఉంటే రెండో ఛానెల్ అక్కరకొస్తుంది. డెక్ మీద, హిస్ తగ్గించే డాల్బీ బి స్విచ్, అట్ట మీద అలా రాసి ఉంటే తప్ప, ఆపే ఉంచాలి. ఎగుమతి చేసేటప్పుడు ‘సైన్డ్ 24 బిట్ పీసీఎం’ వేవ్. ఆ మాస్టర్ మీద కత్తెర కూడా పెట్టొద్దు, ముందూ వెనకా ఉన్న నిశ్శబ్దంతో సహా ఉంచేయండి.

క్యాసెట్ సంగతి కూడా చూడాలి. డెల్టాలో జూన్ నుంచి నవంబరు దాకా గాల్లో తేమ ఎక్కువగా 70 శాతం పైనే. 65 దాటితేనే బూజు మొదలవుతుంది. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లటి పొడి, సాలెగూడు లాంటి నూగు కనిపిస్తే అది డెక్‌లోకి వెళ్లకూడదు. ఒక్క బూజు క్యాసెట్ వల్ల ఆ తర్వాత ఆడించే వాటన్నిటికీ బూజు అంటుకుంటుంది. అలాంటివి మూత బిగుసుకునే డబ్బాలో సిలికా జెల్‌తో రెండు వారాలు ఉంచి, పొడిబారాక, ఎన్95 మాస్క్ పెట్టుకుని, ఆరుబయట మెత్తటి బ్రష్షుతో దులపాలి. నారింజ రంగు జెల్ ఆకుపచ్చకు మారితే తేమ పీల్చుకుని నిండిపోయినట్టు. ఆ జెల్‌ను ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది.

ఏళ్లుగా కదలని క్యాసెట్‌ను ఆడించేముందు ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ వెనక్కి తిప్పితే చుట్ట సర్దుకుంటుంది. సీ-120 (120 నిమిషాల క్యాసెట్) టేపు మందం 9 మైక్రాన్ల దగ్గరే ఉంటుంది, సీ-60లో సగం. దాన్ని వేగంగా తిప్పితే సాగుతుంది, మామూలు ప్లే వేగంలోనే నడపండి. లోపలి ఫెల్ట్ ముక్క ఊడిపోతే ధ్వని వచ్చిపోతూ ఉంటుంది. స్క్రూలున్న డొక్కు క్యాసెట్ ఒకటి విప్పి, చుట్టను ఆ పెంకులోకి మార్చేయడం నమ్మకమైన మందు. స్క్రూలు లేకుండా అతికించేసిన పెంకులను అంచు వెంట జాగ్రత్తగా చీల్చాలి. టేపు ఆడుతూ కీచుమంటుంటే వెంటనే ఆపేయాలి, బలవంతంగా ఆడిస్తే పూత హెడ్ మీద ఊడిపోతుంది.

బీరువా ఉన్న గదిలో పగలు ఏసీ వేసి రాత్రి కట్టేయడం కన్నా అసలు వేయకపోవడం నయం. రోజుకోసారి చల్లబడి వేడెక్కితే తేమ చుట్టల్లో చేరుతుంది. క్యాసెట్లు పడుకోబెట్టకుండా పుస్తకాల్లా నిలబెట్టి, నేల అర ఖాళీగా వదిలేయండి. 1986 వరదలో, 1996 నవంబరు తుపానులో డెల్టాలో నీరు ఎంత ఎత్తు ఎక్కిందో పెద్దలకు గుర్తుంది. అదే కారణంతో ఫైళ్ల రెండో కాపీ అదే భవనంలో ఉంచితే లాభం లేదు. అమలాపురం కాపీ రాజమహేంద్రవరంలో, నరసాపురం కాపీ తణుకులో ఉండాలి. ప్రతి ఫైలుకూ, అది మారలేదని తేల్చే సంఖ్య అయిన చెక్‌సమ్ తీసి ఏడాదికోసారి సరిపోల్చుకోవాలి. హార్డ్‌డిస్క్ చెడుతున్న సంగతి మొదట బయటపడేది అక్కడే.

లెక్క చూద్దాం. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియో గంటకు సుమారు 1 జీబీ తింటుంది. 300 సీ-60 క్యాసెట్లకు 310 జీబీ, ఒక టెరాబైట్ డిస్కులు రెండుంటే చాలు. ఖరీదైనది సమయం. గంట ఆట, పైన శుభ్రం, అజిమత్, పేరు రాయడం, వినిచూడ్డం కలిపి మరో ముప్పావు గంట. ఒక మనిషి ఒక డెక్ మీద రోజుకు నాలుగు చేస్తే మంచి పనే. అంటే 300కి 75 పనిదినాలు. ఆ మనిషిని వేరే కౌంటరు పనికి పిలవకుండా ఉండగలిగితేనే మొదలుపెట్టండి.

ఫైలు పేరులో యాక్సెషన్ నంబరు, క్యాసెట్‌లో ఏ పక్కో చాలు. మిగతా వివరాలు కేటలాగులో ఉండాలి. కేటలాగు సాఫ్ట్‌వేర్ కోహా అయినా ఈ-గ్రంథాలయ అయినా పర్వాలేదు. ఎవరు చెప్పారు, పక్కవాద్యాలు ఎవరివి, ఏ ఊళ్లో, ఏ సందర్భంలో, ఏ డెక్ మీద ఎక్కించారు అన్న వివరాలు నింపాలి. అట్ట ముందూ వెనకా ఫోటో తీసి ఫైలుతో పాటు ఉంచండి. చేతిరాతను బట్టే చాలాసార్లు తేదీ దొరుకుతుంది.

చట్టం విషయంలో గ్రంథాలయాలు అనవసరంగా భయపడుతుంటాయి. కాపీరైట్ చట్టం 1957 సెక్షన్ 52(1)(ఎన్) ప్రకారం, తన దగ్గర డిజిటల్ కాని కాపీ ఉన్న కృతిని లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం భద్రపరచడం కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చు. దాచుకోవడం వేరు, అందరికీ పంచడం వేరు. విడుదలైన రికార్డింగు హక్కులు 60 ఏళ్లు ఉంటాయి, సాహిత్యానికి రచయిత మరణానంతరం 60 ఏళ్లు. స్థానిక హరికథ, ఉపన్యాసం టేపులకు కళాకారుల దగ్గరో వారి కుటుంబం దగ్గరో ఒక పేజీ అనుమతి పత్రం తీసుకోవడం అన్ని విధాలా మంచిది. చూపు లేని పాఠకుల కోసం చేసే కాపీలకు సెక్షన్ 52(1)(జెడ్‌బీ) మరింత వెసులుబాటు ఇస్తుంది. చూపు లేనివారి ఆన్‌లైన్ గ్రంథాలయమైన సుగమ్య పుస్తకాలయంతో కలిసి పనిచేయాలనుకునే శాఖలు దీన్ని చదువుకోవాలి.

పాఠకులకు వినిపించే వైపు ఖర్చు తక్కువే. మాస్టర్ నుంచి 64 కేబీపీఎస్ మోనో ఎంపీ3 తీస్తే మాటకు, హరికథకు సరిపోతుంది. గంటకు 29 ఎంబీ లెక్కన మొత్తం 300 గంటలూ 16 జీబీ కార్డులో పట్టేస్తాయి. హిస్ తగ్గించడం, గొంతు పెంచడం లాంటి మెరుగులు ఈ కాపీకే చేయండి. పెద్దవాళ్లకు టచ్ స్క్రీన్ కన్నా, ఊళ్లో అందరికీ అలవాటైన మెమరీ కార్డు స్పీకర్ పెట్టె, దానికో హెడ్‌ఫోన్ సులువుగా ఉంటాయి. ఈ పెట్టెల్లో చాలావాటికి పేర్ల వరస పట్టదు, కార్డులోకి ఏ వరసలో ఎక్కించామో ఆ వరసలోనే పాడతాయి. కాబట్టి కార్డును ఎఫ్‌ఏటీ32లో ఫార్మాట్ చేసి, కథ మొదటి భాగం నుంచి ఒక్కొక్కటిగా క్రమంలో కాపీ చేయాలి. అన్నీ ఒకేసారి లాగి పడేస్తే రుక్మిణీ కళ్యాణంలో పెళ్లి ముందొచ్చి, బ్రాహ్మణుడు సందేశం పట్టుకుని తర్వాత బయల్దేరతాడు.